గొర్రు సార్ దగ్గర చదివినోళ్లు ఎవరైనా ఉండారా? (పాకాల, దామలచెరువు పక్క)

మిద్దెమీద_బక్కెట్లు (ఆదివారం, సాయంత్రం 6:20)

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ఈ వేదికలో చదవడమే గానీ నేను రాసింది లేదు. ఇదే మొదలు.

మా నాయన పోయి నిన్నటికి పదహారు రోజులు. పేరు రాయను, ఆయనకు నచ్చదు. పాకాల పక్క ఒక హైస్కూల్లో అగ్రికల్చర్ మాస్టరు. తర్వాత ఇంటర్ ఒకేషనల్ పిల్లోళ్లకు కూడా చెప్పినాడు. ఆయన్ను 'గొర్రు సార్' అనేవాళ్లంట. కర్మాంతరం నాడు వచ్చినోళ్లు చెప్తే తెలిసింది. గొర్రు ఎందుకని అడిగితే నవ్వినారు గానీ చెప్పలా.

నాకు తెలిసిన నాయన వేరే. అమ్మకు కీళ్లవాతం వచ్చి వేళ్లు వంకర్లు పోయినాక, మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా నాకు జడేసింది ఆయనే. మూడు పాయలూ సమానంగా రాకుంటే విప్పేసి మళ్లా మొదలుపెట్టేవాడు. మోకు పేనినట్టు ఎంత గట్టిగా అంటే కళ్లు పైకి లాక్కుపొయ్యేవి. బళ్లో నన్ను 'మోకు జడ' అని ఏడిపించేవాళ్లు. పొద్దున సంగటి కెలికేది ఆయనే, అమ్మ చీరలు ఉతికి ఆరేసేది ఆయనే. వీధిలో నవ్వేవాళ్లు. విననట్టే ఉండేవాడు.

ఆదివారమైతే సైకిలు ముందర కడ్డీకి తుండుగుడ్డ చుట్టి నన్ను కూర్చోబెట్టుకునేవాడు. దామలచెరువు, పులిచెర్ల, ఇంకా పేర్లు గుర్తులేని పల్లెలు. ఎవరింటి ముందరో ఆపేది, గెనిమ (చేను గట్టు) మీద నిలబడి పది నిమిషాలు మాట్లాడేది, మళ్లా ఎక్కేది. వాళ్లు నాకు ఉడకేసిన చెనిక్కాయలో, బెల్లం గడ్డో చేతిలో పెట్టేవాళ్లు. నన్ను తిప్పడానికే పోతా ఉండాడని నేను అనుకునేదాన్ని. అమ్మకేమో నాయన యాడో అప్పు చేసినాడేమో, వారం వారం గడువు అడగడానికి పోతా ఉండాడేమో అని అనుమానం. ఈ మాట మొన్ననే చెప్పింది, అదీ ఏడుస్తా నవ్వుతా.

ఇప్పుడు బీరువాలో ఒక రెండొందల పేజీల నోటుబుక్కు దొరికింది. పైన తలకట్టు ఏమీ లేదు. అన్నీ మగపిల్లోళ్ల పేర్లు, పక్కన ఊరు. చానా పేర్లకు ఎర్ర ఇంకుతో టిక్కు ఉంది, కొన్నింటికి లేదు. ఇదేం పట్టీనో ఎవరికైనా తెలుసా?

---

పాకాల_జంక్షన్ (ఆదివారం, రాత్రి 7:05)

అమ్మా, సార్ పోయిన సంగతి నాకిప్పుడే తెలిసింది. చేతులాడ్డం లేదు.

పట్టీ సంగతి తెలీదు గానీ గొర్రు సంగతి చెప్తా. ఎనిమిదో తరగతి, మొదటి రోజు. సార్ భుజాన విత్తనాలేసే గొర్రు పెట్టుకుని క్లాసులోకి వచ్చినాడు. తలుపులో పట్టలేదు, అడ్డంగా తిప్పి తెచ్చినాడు. పైన గింజలు పోసే చెక్క గిన్నె, దాని కింద మూడు వెదురు గొట్టాలు. "మీ ఇండ్లల్లో ఉండేదే కదరా, ఎవరికి వెయ్యను వచ్చు?" అన్నాడు. అందరం చేతులెత్తినాం. అయితే రండి అని మైదానంలోకి తీసుకుపోయినాడు. ఎద్దుల్లేవు, మేమే కాడికి ఎద్దులం. చింతగింజలు పోసి వెయ్యమన్నాడు. సాళ్లు పాము పోయినట్టు పోయినాయి. సార్ ఒక్క మాటా అనలేదు, బడి అయ్యేదాకా వేయించినాడు. మర్నాడు చూస్తే కబడ్డీ కోర్టు మొత్తం దుక్కి దున్నినట్టుంది. హెడ్మాస్టరు అరుపులు స్టేషను దాకా వినపడినాయంటే నమ్మండి.

నాకు ఇప్పటికీ నిట్టంగా సాలు పెట్టను రాదు. ట్రాక్టరు కొనుక్కున్నా.

---

పెద్దకాలవ (ఆదివారం, రాత్రి 7:48)

నేను వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైనాను. మీ నాయన నాకు తిరుపతిలో ఎస్.వి. వ్యవసాయ కాలేజీలో మూడేళ్లు సీనియరు. 1961లో పెట్టిన కాలేజీ, మేం చేరేనాటికి ఇంకా కొత్త వాసనే. తరగతిలో ఆయనకు ఉన్న తెలివికి ఆఫీసరుగా పోవచ్చు. మాస్టరు పని ఎందుకన్నా అని అడిగితే, ఆఫీసరయితే మూడేళ్లకొకసారి మూట కట్టాల, మా అమ్మను యాడ పెట్టేది అన్నాడు. అప్పటికే వాళ్ల నాయన లేడు. చెల్లెలి పెండ్లికని ఉన్న రెండెకరాలూ అమ్మేసినాడు. జిల్లాకంతా సేద్యం నేర్పినోడికి సొంతంగా సెంటు నేల లేదు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పేవాడు కాదు కాబట్టి నేను చెప్తా ఉండా.

---

టీఎంవీ_రెండు (ఆదివారం, రాత్రి 8:30)

నేను సార్ దగ్గర రెండేళ్లు. నాకు బాగా గుర్తున్న పాఠం వేరుబుడిపెల పాఠం. చెనిక్కాయ మొక్కను వేళ్లతో పీకించి, వేరు మీదుండే బుడిపెను గోటితో చీల్చమనేవాడు. లోపల ఎర్రగా ఉంటే ఆ బుడిపె పనిచేస్తా ఉందని, గాల్లో నత్రజనిని పట్టి చెట్టుకు ఇస్తా ఉందని. తెల్లగానో పచ్చగానో ఉంటే దండగ. "మీకూ దీనికీ రత్తం ఒకటే రంగురా" అనేవాడు. పదమూడేళ్ల పిల్లోడికి ఆ మాట ఎట్ల తగులుతుందో చూడండి. ఆ రోజు నుంచి యూరియా బస్తా మా చెనిక్కాయ చేలోకి పెద్దగా పోలేదు. విత్తనానికి ఆ బుడిపెలు కట్టించే సూక్ష్మజీవుల పొడి, రైజోబియం అంటారు, బెల్లం నీళ్లతో కలిపి పట్టించేది. ఊడలు దిగే టయానికి ఎకరాకు రెండొందల కిలోల జిప్సం. అంతే.

కాళహస్తి తెగులు గురించి కూడా. అటుపక్క చేలల్లో కాయలు చిన్నగా, పైన నల్లగా మచ్చలు పడి వస్తా ఉంటే గాలి సోకిందనీ, అమ్మవారికి కోపమనీ అనుకునేవాళ్లు. సార్ ఒక సంచి నిండా ఆ కాయలు తెచ్చి మా ముందర పోసి, ఇది నేలలో ఉండే నులిపురుగు పని, కంటికి కనపడదు, కనపడలేదని లేదనుకోవద్దు అన్నాడు. తర్వాత దాన్ని తట్టుకునే రకం తిరుపతి పరిశోధనా స్థానం నుంచే వచ్చింది. దాని పేరే 'కాళహస్తి'.

---

తెనాలి_తాంబూలం (ఆదివారం, రాత్రి 9:02)

మాది కోస్తా, చెనిక్కాయ అంటే వేరుశనగ అని అర్థమైంది. ఊడలు దిగడం అంటే ఏమిటండీ? మర్రి ఊడలలాగానా?

---

టీఎంవీ_రెండు (ఆదివారం, రాత్రి 9:11)

ఇంచుమించు అంతేనండీ. పూత నేల పైన పూస్తుంది, కాయ నేల లోపల కాస్తుంది. పూత రాలినాక దాని మొదట్నుంచి సూది మాదిరి ఒకటి కిందికి దిగి మట్టిలోకి గుచ్చుకుంటుంది. దాని కొనలోనే కాయ ఊరేది. అప్పుడు నేల గట్టిగా ఉంటే గుచ్చుకోలేదు, సున్నం తక్కువైతే కాయ తాలు పోతుంది. జిప్సం అందుకే.

---

మడవ_తిప్పినోడు (ఆదివారం, రాత్రి 10:40)

అందరూ పొగుడుతా ఉండారు. పోయినోళ్ల మీద మాట్లాడగూడదంటారు, అయినా నాకు ఒకటి ఉంది, చెప్పేస్తా. కూతురమ్మ ఏమీ అనుకోవద్దు.

ఎనభైల్లో బడి వెనక అర ఎకరా చెనిక్కాయ చేను ఉండేది. ఎర్ర గొంగళి పురుగు పడింది. సార్ బీహెచ్‌సీ అనే పురుగుల మందు పొడి తెప్పించినాడు. పలచటి గుడ్డ సంచుల్లో పోసి, పొద్దున మంచు ఆరకముందే కర్రతో తట్టుకుంటా సాలు వెంబడి నడవమన్నాడు. ఇరవై మంది పిల్లోళ్లం. ముక్కుకు గుడ్డ లేదు, చేతులకు తొడుగు లేదు. తలంతా తెల్లగా అయ్యేది, ఒకర్నొకరు చూసుకుని ముసలోళ్లమైపోయినాం అని నవ్వుకునేవాళ్లం. ఆ కంపు అన్నంలో కూడా వచ్చేది. ఆ ఏడు నాకు దగ్గు పట్టుకుంది, ఆర్నెల్లు పోలేదు. దానివల్లనే అని నేను చెప్పలేను. కానీ ఆ మందును తర్వాత దేశమంతా ఎందుకు నిషేధించినారో చదివినప్పుడల్లా సార్ గుర్తొస్తాడు. మంచిగా కాదు.

---

పాకాల_జంక్షన్ (ఆదివారం, రాత్రి 10:52)

ఇప్పుడు ఇది అవసరమా అన్నా? ఇంట్లో ఇంకా దీపం కూడా ఆరలేదు.

---

మిద్దెమీద_బక్కెట్లు (ఆదివారం, రాత్రి 11:15)

చెప్పనీండి అన్నా. నేనే కదా అడిగింది.

---

పెద్దకాలవ (సోమవారం, పొద్దున 5:50)

ఆ అబ్బాయి చెప్పింది నిజమే. అయితే ఆ రోజుల్లో ఎర్ర గొంగళికి పది శాతం బీహెచ్‌సీ పొడి చల్లమని మా శాఖ కరపత్రాల్లోనే ఉండేది. సైకిలు మీద పల్లె పల్లెకూ పోయి నేనూ పంచినాను. దేశంలో దాన్ని ఆపింది 1997లో. ఎండోసల్ఫాన్ అనే ఇంకో పురుగుల మందయితే 2011 దాకా అమ్మినారు, సుప్రీంకోర్టు చెప్తే ఆగింది. పుస్తకంలో ఉండేదే ఆయన చెప్పినాడు. అది సమాధానం కాదని నాకూ తెలుసు.

---

ఇరుగువాయి_చేను (సోమవారం, పొద్దున 6:35)

రాత్రంతా ఇది చదివి నిద్ర పట్టలేదు. అమ్మా, నీ పట్టీ సంగతి నాకు తెలుసు. తెలుసననే అనుకుంటా ఉండా.

అప్పుడు నాకు పెండ్లయి ఇద్దరు పిల్లలు. ఆదివారం పొద్దున గొడ్లకు కుడితి పెడతా ఉంటే సార్ సైకిలు దిగినాడు. ముందర కడ్డీ మీద ఒక పాప, జడ ఇంత బిర్రుగా. నువ్వే అయ్యుంటావు. మా ఆవిడ నీకు బెల్లం పెట్టింది. సార్ నన్ను చేలోకి పిలుచుకు పోయి, "రేయ్, బీహెచ్‌సీ పాఠం గుర్తుందా?" అన్నాడు. ఉంది సార్, ఇప్పటికీ అదే కొడతా ఉండా అన్నాను. సార్ కాసేపు గెనిమ మీద కూర్చున్నాడు. తర్వాత, "ఆ పాఠం నేను తప్పు చెప్పినాను. కొట్టేసుకో" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. పరీక్ష ఎప్పుడో అయిపోయింది కదా సార్ అన్నాను. నవ్వలేదు. ఆ మందు నేలలో ఏండ్ల తరబడి కుళ్లకుండా ఉంటుందనీ, గడ్డిలోంచి గొడ్డుకూ, పాలల్లోంచి పిల్లోళ్లకూ వస్తుందనీ చెప్పినాడు. ఇంట్లో మిగిలిన సగం బస్తా యాడుందో చూపించమన్నాడు. వడ్ల గాదె పక్కనే పెట్టినాం. దాన్ని చూసి ఆయన మొగం ఎట్ల అయిందో ఇప్పుడు చెప్పను రాదు.

దాని బదులు ఏం చెయ్యాలో కూడా చెప్పి పోయినాడు. ఎండాకాలం లోతుగా దున్నితే నేలలో ఉండే ఆ పురుగు కోశాలు పైకొచ్చి పిట్టలు తినేస్తాయి, లేదంటే ఎండకు చస్తాయి. తొలకరి పడినాక రెక్కల పురుగులు బయటికి వస్తాయి కాబట్టి రాత్రి పూట చేల గట్ల మీద మంటలు వేసుకోండి, అందరూ ఒకే రోజు వెయ్యండి అన్నాడు. కనుమ నాడు చిట్లాకుప్ప మంట వేస్తారే, అట్ల ఊరంతా కలిసి. చేను చుట్టూ కాలవ తీస్తే పురుగు పక్క చేలోంచి దాటలేదు. మేం ఆ ఏడు మంటలేసినాం. పురుగు తగ్గింది. పూర్తిగా పోలేదు, అబద్ధం చెప్పకూడదు.

పోయేటప్పుడు జేబులోంచి నోటుబుక్కు తీసి నా పేరు పక్కన టిక్కు పెట్టినాడు.

---

మిద్దెమీద_బక్కెట్లు (సోమవారం, పొద్దున 7:10)

అన్నా.

అమ్మకు చదివి వినిపించినా. "అప్పు తీర్చను పోయినాడని నేను చెప్తే మీరే నవ్వినారు కదే" అంటా ఉంది.

ఆదివారాలు నావని అనుకున్నా ఇన్నాళ్లూ. కొంచెం కోపంగా కూడా ఉంది, ఎందుకో తెలీదు.

---

ఇరుగువాయి_చేను (సోమవారం, పొద్దున 7:22)

నీవి కూడా కదమ్మా. ఒక్కడే పోవాలంటే సైకిలు కడ్డీకి తుండుగుడ్డ ఎందుకు?

---

రామచంద్రాపురం_చెరువుకట్ట (సోమవారం, పొద్దున 11:30)

నేను సార్ స్టూడెంటును కాదు, మా ఊళ్లో ఆయన శిష్యుడు ఒకాయన ఉండేవాడు. 2021 నవంబరులో రాయలచెరువు కట్టకు గండి పడుతుందని ఊర్లు ఖాళీ చేయించినప్పుడు అందరూ ఏవేవో మూటలు కట్టుకుంటే, ఆ పెద్దాయన విత్తనం కాయల డబ్బా నెత్తిన పెట్టుకుని వచ్చినాడు. అడిగితే, "మా సార్ గింజ తడవనీయొద్దని చెప్పినాడు" అన్నాడు. అప్పుడు పిచ్చోడనుకున్నాం.

---

చిత్తూరు_మండీ (సోమవారం, మధ్యాన్నం 2:15)

మామిడి సంగతి ఎవరూ ఎత్తలేదే. సార్ దగ్గర అంటు కట్టడం నేర్చుకున్నోణ్ణి. టెంక మొలిచిన లేత మొక్కకు, ఆకు ఇంకా రాగి రంగులో ఉండంగానే కొమ్మ అతికించేది. నా చేతిలో మొదట పది కడితే ఎనిమిది చచ్చినాయి. సార్ ఆ చచ్చిన ఎనిమిదింటినీ విప్పించి, యాడ గాలి దూరిందో నాతోనే చెప్పించినాడు. బతికిన రెండింటి జోలికి పోలేదు.

అందరూ బెంగుళూరే నాటతా ఉంటే ఒక్క సార్ మాత్రం వద్దన్నాడు. తోతాపురిని మా పక్క బెంగుళూరు అంటారు లెండి. ఒక్క రకమే నాటితే ఫ్యాక్టరీ వాకిట్లో నిలబడాల్సి వస్తుంది, ఇంటి పక్కన నాలుగు రకాలు పెట్టుకోండి అని. మేం వినలేదు. 2025లో గుజ్జు ఫ్యాక్టరీల ముందర ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు, కాయ ట్రాలీలోనే మెత్తబడిపోతా ఉంటే నాకు ఆ మాటే గుర్తొచ్చింది. ఎకరాకు నలభై చెట్లు, నలభైయ్యీ బెంగుళూరే.

---

రంగంపేట_రెడ్డి (సోమవారం, సాయంత్రం 4:40)

రైతు గురించి మాట్లాడేటప్పుడు రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారిని తలుచుకోవాల. వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టింది 1964లో.

---

పెద్దకాలవ (సోమవారం, సాయంత్రం 5:05)

1964లో వచ్చింది విశ్వవిద్యాలయం. రంగా గారి పేరు పెట్టింది 1996లో. ఆయన గుంటూరు జిల్లా నిడుబ్రోలు మనిషైనా, 1962 ఉప ఎన్నికలో మన చిత్తూరు నుంచే లోక్‌సభకు పోయినాడు.

---

కాపలాదారు (సోమవారం, సాయంత్రం 5:30)

రంగా గారిపై వచ్చిన మరో పదకొండు వ్యాఖ్యలను 'రాజకీయాలు' విభాగానికి మార్చాను. ఇక్కడ మాస్టారి గురించే మాట్లాడుకుందాం.

---

మడవ_తిప్పినోడు (సోమవారం, రాత్రి 9:50)

చెల్లెమ్మా, ఒకటి అడగొచ్చా? ఆ పట్టీలో నేండ్రగుంట అని ఊరు ఉందా? ఇంటిపేరు మొదటక్షరం 'గు'. పేరు ఇక్కడ రాయొద్దు. టిక్కు ఉందా లేదా అంతే.

---

మిద్దెమీద_బక్కెట్లు (సోమవారం, రాత్రి 10:20)

ఉంది అన్నా. పంతొమ్మిదో పేజీ. టిక్కు లేదు.

పక్కన పెన్సిలుతో రాసినాడు: "బెంగుళూరు. అడ్రసు కనుక్కోవాల." దాని కింద వేరే ఇంకుతో, "అన్నను అడిగితే చెప్పలేదు." దాని కింద ఇంకోసారి, అక్షరం వణికి ఉంది, ఈమధ్య రాసిందే అయ్యుండాల: "దగ్గు తగ్గిందా?"

---

మడవ_తిప్పినోడు (మంగళవారం, తెల్లవారి 1:35)

మా అన్నకూ నాకూ భాగాల దగ్గర మాటల్లేవు. పదిహేనేండ్లు. అందుకే చెప్పలేదేమో.

దగ్గు సంగతి సార్‌కు తెలుసని నాకు తెలీదు.

---

టీఎంవీ_రెండు (మంగళవారం, పొద్దున 6:00)

టిక్కు నువ్వే పెట్టేయి చెల్లెమ్మా.

---

మడవ_తిప్పినోడు (మంగళవారం, పొద్దున 6:12)

వద్దు. అట్లే ఉండనీ.

---

మిద్దెమీద_బక్కెట్లు (మంగళవారం, రాత్రి 8:15)

ఇంకొక సాయం కావాల. నాయన రిటైరై తిరుపతికి వచ్చినాక మిద్దె మీద పెయింటు బక్కెట్లలో చెనిక్కాయ వేసేవాడు. నా పేరు అదే మరి. సెంటు నేల లేదని పెద్దాయన చెప్పినారు కదా, ఆ బక్కెట్లే ఆయన సేద్యం. పోయినసారి కాయలు ఒక డాల్డా డబ్బాలో పెట్టి, మూతకు గుడ్డ కట్టి పెట్టినాడు. ఇవి ఇంకా మొలుస్తాయా? నేను కంప్యూటర్లు చదివినదాన్ని, నాకేమీ తెలీదు.

---

టీఎంవీ_రెండు (మంగళవారం, రాత్రి 8:50)

కాయలుగానే ఉన్నాయా, వొలిచిన గింజలా? కాయగా ఉంటే ఆశ ఉంది. గింజ వొలిచి పెడితే మొలక తొందరగా పోతుంది, విత్తే ముందరే వొలవాలని సార్ చెప్పేవాడు.

ఇట్ల చెయ్యి. కాయలు వొలిచి వంద గింజలు ఏరు. బాగుండేవే ఏరొద్దు, చేతికొచ్చినవి తీసుకో. లేకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. గోనెపట్టను తడిపి పిండి, దాని మీద పది పది లెక్కన పేర్చి, చాప చుట్టినట్టు చుట్టి నీడలో పెట్టు. పట్ట ఆరనీయొద్దు, నీళ్లు కారేటట్టూ ఉంచొద్దు. అయిదో రోజు ఒకసారి, పదో రోజు ఒకసారి లెక్కపెట్టు. డెబ్బైకి పైన వస్తే విత్తనం. తక్కువొస్తే తిండిగింజ.

---

చిత్తూరు_మండీ (మంగళవారం, రాత్రి 9:10)

బాగా మొలిస్తే నాకు నాలుగు గుప్పిళ్లు కావాల. మామిడి చెట్ల మధ్యలో వేస్తా.

---

పాకాల_జంక్షన్ (మంగళవారం, రాత్రి 9:14)

నాకూ. సాళ్లు వంకరగా పోతాయి, అది మాత్రం ముందే చెప్తా ఉండా.

---

మిద్దెమీద_బక్కెట్లు (శనివారం తర్వాతి శనివారం, పొద్దున 7:30)

లెక్క అయింది. అమ్మా నేనూ రెండుసార్లు లెక్కపెట్టినాం. అమ్మ వేళ్లు వంగవు కదా, పుల్లతో ఒక్కొక్కటీ పక్కకు జరిపింది.

అరవై ఎనిమిది.

---

టీఎంవీ_రెండు (శనివారం, పొద్దున 7:41)

అయ్యో. రెండు.

---

పాకాల_జంక్షన్ (శనివారం, పొద్దున 7:44)

రెండు మార్కులు కలిపేద్దాం, ఎవరు చూసొచ్చినారు?

---

పెద్దకాలవ (శనివారం, పొద్దున 7:58)

ఆయన కలపడు.

---

మిద్దెమీద_బక్కెట్లు (శనివారం, పొద్దున 8:20)

కలపడు. మా అక్కకు సైన్సులో ఒక్క మార్కు తక్కువైతే కలపమని అడగను కూడా పోలేదు.

డబ్బాలో ఇంకా సగానికి పైనే ఉన్నాయి. వేయించి ఊరిబిండి నూరతానంటా ఉంది అమ్మ. నూరేది నేనే, చెప్పేది ఆమె.

---

మడవ_తిప్పినోడు (శనివారం, పొద్దున 8:33)

ఆగు చెల్లెమ్మా. విత్తనానికి పెట్టిన కాయలు కదా. మందు ఏమైనా పట్టించినాడేమో చూడు. రోట్లో వెయ్యకముందే.

---

మిద్దెమీద_బక్కెట్లు (శనివారం, పొద్దున 8:47)

చూసినా అన్నా. మూత లోపల కాగితం అతికించినాడు. "ధరణి రకం. మిద్దె మీదవి. మందు కలపలేదు, పిల్లలు తినొచ్చు."

---

మడవ_తిప్పినోడు (శనివారం, పొద్దున 9:05)

అయితే నాకు ఒక గిన్నె తీసిపెట్టు. రేపు పొద్దున బస్సుకు వస్తా. సంగటి ఉంటే ఇంకా మంచిది.